నేపాల్ అనాథాశ్రమంలో మా బావ తనిఖీ

మొన్న మా కాలనీలో ఒకాయన కొడుకు పుట్టినరోజును అనాథాశ్రమంలో చేస్తానని, ఫొటోలు తీయడానికి నన్ను రమ్మన్నాడు. నోటితో సరేనన్నాను గానీ కెమెరా బయటికి తీయబుద్ధి కాలేదు. తెలంగాణ రాకముందు మా ఇంటిల్లిపాదీ నేపాల్ వెళ్లినప్పుడు దిగిన ఫొటోలు గుర్తొచ్చాయి.

విదేశీయానం అంటే మాకు విమానం గిమానం కాదు, గోదావరిఖని నుంచి బస్సు. వంటమనిషి, గ్యాసు బండ, ఒక పీపాడు మామిడి తొక్కు మాతోనే సరిహద్దు దాటాయి. మూడో రోజుకు ఆ బస్సు వాసన భరించలేక హిమాలయాలు ఒక అడుగు వెనక్కి జరిగాయని నా అనుమానం. మా పెద్దమ్మ నాలుగు స్వెట్టర్లు, వాటిపైన మంకీ క్యాపు తొడిగి రెండు సీట్లు ఆక్రమించింది. ఇక మా బావ, అంటే అక్క మొగుడు. బొగ్గుబాయి, అంటే గని దగ్గర ఆయనది తనిఖీ డ్యూటీ. లోపల గ్యాసు ఉంటుంది కనుక దిగే ప్రతి మనిషినీ బీడీ, అగ్గిపెట్టె కోసం తడిమి చూడాలి. ఆ చేతులు ఖని జనాభానంతా కనీసం రెండుసార్లు తడిమి ఉంటాయి. పెళ్లిలో అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నా పెళ్లికొడుకు జేబులు చూడనిదే వదిలేవాడు కాదు.

ఒక ఊళ్లో గైడు బస్సు ఆపి, అనాథాశ్రమం చూసి పుణ్యం కట్టుకోండన్నాడు. ఎదురు కొట్టులో అందరం బిస్కెట్ ప్యాకెట్లు కొన్నాం. లోపల పిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. అది వాళ్లకు లక్షోసారి కాబోలు, ఒక చిన్నపిల్ల ఆవలిస్తూ కూడా రాగం తప్పలేదు. తర్వాత ఫొటోలు. పెద్దమ్మ ఒక ఏడేళ్ల పిల్లవాడి చేతిలో ప్యాకెట్ ఒక కొస పెట్టి, రెండో కొస తను వదల్లేదు. "గట్ల చూస్తవేంది బిడ్డా, నవ్వు! పండ్లు కనవడాలె!" వాడికి తెలుగు రాదని ఎవరికీ తోచలేదు. నా వంతు వచ్చేముందు నేను దువ్వెన తీసి తల దువ్వుకున్నాను. రాయడానికి రోత పుడుతోంది గానీ, దువ్వుకున్నాను.

ఫొటోలు అవగానే అక్కడి మేనేజరు, భోజనమయ్యాక పంచుతానంటూ పిల్లల దగ్గర ప్యాకెట్లన్నీ లాక్కుని గోనెసంచిలో వేశాడు. బావ వెళ్లబోతూ ఆ పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. చేతులు ఊరుకుంటాయా? భుజం, చంక, నడుము. నడుము దగ్గర ఆగిపోయాయి. చొక్కా కింద ప్యాకెట్! పిల్లవాడు కొయ్యబారిపోయాడు. మేనేజరు చూడనే చూశాడు. "క్యా హై ఉధర్?" అని గద్దిస్తూ వచ్చాడు. మేం వెళ్లాక ఆ పసివాడి వీపు ఏమవుతుందో తెలుస్తూనే ఉంది.

"కుఛ్ నహీ. సాఫ్ హై," అన్నాడు బావ, ఏమీ దొరకలేదని చెప్పే ముప్పై ఏళ్ల డ్యూటీ గొంతుతో. బాయి దగ్గర తనిఖీ అయినవాణ్ణి పంపినట్టే వీపు తట్టాడు. "పో బిడ్డా." పిల్లవాడు ఒక్క ఉరుకు ఉరికాడు.

బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూశాను. ఆ గోనెసంచి ఎదురు కొట్టులో, మేం కొన్న అరలోకే ఖాళీ అవుతోంది. వెనక ఇంకో బస్సు ఆగుతోంది.

"ఆ మేనేజర్ని ఉరికిచ్చి కొట్టాలె బావా!" అన్నాను.

"మరి దిగు," అన్నాడు బావ.

నేను దిగలేదు. వెనక సీట్లోంచి పెద్దమ్మ, "అరే, ఫొటోల నా మొకం మంచిగచ్చిందా?" అంటోంది. బావ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ, "నా సర్వీసుల దొరికినోన్ని ఇడిసిపెట్టుడు గిదే మొదలు," అన్నాడు.

ఆ పిల్లవాడికి ఈపాటికి మీసాలొచ్చి ఉంటాయి. కాలం వాడికి మమ్మల్ని మరిపించి ఉంటే చాలు. నాకు మరిపించకపోవడం న్యాయమే.