పిల్లిని పట్టడం నేర్పిన మాలకొండమ్మ

“మరి పాపం ఎవరి పేరున రాయమంటావే, మూడేండ్ల బిడ్డ పేరునా?”

అనంతలక్ష్మి మాలకొండమ్మను నిలదీసింది. మార్కాపురంలో పెద్ద కిరాణా దుకాణం ఉన్న ఇంటి యజమానురాలు అనంతలక్ష్మి. ఆవిడ మనవరాలు వైష్ణవినీ, మనవడు వినయ్‌నీ చూసుకునే పనిమనిషి మాలకొండమ్మ. ఇద్దరి మధ్య గోనెపట్టా మీద చచ్చిన పిల్లికూన.

మాలకొండమ్మది అర్ధవీడు పక్క పల్లె. మొగుడు పోయిన ఏడాదే గొర్రెలకు రోగమొచ్చి మంద పోయింది. మళ్లీ నాలుగు గొర్రెలు కొనుక్కుని ఊరికి పోవాలని ఆమె ఆశ. అందుకే జీతంలో తిండికి సరిపడా తీసుకుని, మిగతాది ఆ ఇంటి పెద్ద, అనంతలక్ష్మి భర్త జగన్నాథం దగ్గరే ఉంచింది. బ్యాంకులో వేసుకోవచ్చు కదా అంటారు చదువుకున్నవాళ్లు. ఆమెకు బ్యాంకు కంటే దుకాణం గల్లా దగ్గర దేవుడి పటాల కింద కూర్చునే మనిషి మీద నమ్మకం ఎక్కువ.

ఆ ఇంట్లో పిల్లిని పెంచేది ముద్దుకు కాదు, బస్తాలు కొరికే ఎలుకల కోసం. పిల్లలకు మాత్రం అది బొమ్మ. పసిచేతులు పూలరేకులని రాసేవాళ్లకు తోకలుండవు కాబట్టి రాస్తారు. వినయ్ దాన్ని తోక పట్టి ఈడ్చేవాడు. వైష్ణవి ముందుకాళ్లు పట్టుకుని వేలాడదీసేది.

గొర్రెపిల్లను ఎత్తినట్టు ఎత్తమని నేర్పింది మాలకొండమ్మ: ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి వెనక కాళ్ల కింద. తినేటప్పుడు ముట్టుకోకూడదు. తోక విసురుతుంటే వదిలెయ్యాలి. మాట వినకపోతే రెండో పాఠం. వైష్ణవి పిల్లి తోక లాగితే మాలకొండమ్మ ఆ పిల్ల జడ లాగేది, అంతే గట్టిగా. చెవి మెలిపెడితే చెవి.

“ఎట్లుంది? దానిగ్గూడా అట్లనే ఉంటది.”

గొప్ప పద్ధతేం కాదు. కానీ పనిచేసింది. నెల తిరక్కుండానే పిల్లి తనంతట తాను వచ్చి వైష్ణవి ఒళ్లో పడుకోసాగింది. వినయ్ వంతు వచ్చింది. వాడి ఏడుపు విని అనంతలక్ష్మి పూజ మధ్యలో లేచి వచ్చింది.

“మా పిల్లోని మీద చెయ్యేస్తావా? బిడ్డలకు ప్రేమగా చెప్పుకోవాల.”

“ప్రేమగా చెప్తే వినడమ్మా. నొప్పంటే ఏందో వానికి తెల్వదు.”

“వానికి తెలియాల్సిన పన్లేదు.”

ఆ రోజు నుంచి మాలకొండమ్మ ప్రేమగానే చెప్పింది. వాడు నవ్వి ఇంకాస్త గట్టిగా లాగాడు. కొన్నాళ్లకు పిల్లి మిరపకాయల బస్తాల వెనక కూనలు పెట్టింది. ఒక మధ్యాహ్నం మాలకొండమ్మ వాడికి పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆలోగా వాడు ఒక కూనను మెడ దగ్గర పట్టుకుని అరుపు ఆగేదాకా పిసికాడు. “బజ్జుంది” అని తెచ్చి చూపించాడు.

పిల్లిని చంపినవాళ్లు బంగారు పిల్లిని దానం చేయాలంటారు. పురోహితుడు ఫణికృష్ణ వచ్చి, ఐదేళ్లలోపు బిడ్డకు పాపం అంటదనీ, కాచేవాళ్లకు అంటుందనీ తేల్చాడు. కాచేవాళ్లెవరో ఎవరూ అడగలేదు. కన్నవాళ్లు దుకాణంలో ఉన్నారు, నాయనమ్మ దేవుడి గదిలో ఉంది. అందరూ ఒకవైపే చూశారు.

“చెయ్యి చేసుకోవద్దన్నది మీరే గదమ్మా,” అంది మాలకొండమ్మ.

“చెయ్యి చేసుకోవద్దంటి. కండ్లు మూసుకోమంటినా?”

గోరంత బంగారు పిల్లిని చేయించి, ఖరీదు ఆమె లెక్కలో వేశారు. తమలపాకులో పెట్టి ఆమె చేతనే పురోహితుడికి దానం ఇప్పించారు. అది తనకే కావాలని వినయ్ ఏడిస్తే లడ్డు పెట్టి ఊరుకోబెట్టారు. ఫణికృష్ణ ఆమెను నిండుగా దీవించాడు. పాపం పోయింది. దాంతోపాటు ఆమె ఇంకా కొనని గొర్రెలూ పోయాయి.

మర్నాడే పని మానేస్తానని చెప్పి, మిగిలిన డబ్బు అడిగింది. జగన్నాథం కోప్పడలేదు.

“బంగారం రేటు చూస్తివి గదా. తరుగు, మజూరి వేరే. నిదానంగా చూద్దాంలే.”

ఇప్పుడామె పలకలు కోసే షెడ్డులో రాతిదుమ్ము మింగుతోంది. ఆదివారం ఆదివారం ఆ ఇంటికి వెళ్తుంది. గుమ్మం బయట కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, ఆరోగ్యం అడుగుతారు. వినయ్ ఆడుకోవడానికి కుక్కపిల్లను తెచ్చారు. బంగారు పిల్లి ఖర్చు పోను, ఆ ఇంటి నుంచి మాలకొండమ్మకు ఇంకా పద్దెనిమిది వేలు రావాలి.