నాన్నకి కొన్న ఉన్ని ఇన్నర్

మా నాన్నని కొట్టినవాళ్ళు మంచివాళ్ళేనని తర్వాత చాలామంది నాకు చెప్పారు. ఏటా గుడికి బియ్యం పంపుతారట, అన్నదానాల్లో ముందుంటారట, పెద్దలంటే ప్రాణం పెడతారట. వింటున్నంతసేపూ పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. మంచివాడి పిడికిలి చెడ్డవాడి పిడికిలికన్నా మెత్తగా ఏమీ ఉండదు. నా చెవి మీద కూడా పడింది కాబట్టి చెబుతున్నాను.

ఆ దెబ్బల సంగతి చెప్పాలంటే ముందు ఒక లోచొక్కా సంగతి చెప్పాలి.

నాన్న పురోహితుడు. మా ఇల్లు కాశీబుగ్గలో. ఆయన చేత పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ తద్దినాలూ చేయించుకునే కుటుంబాలు మాత్రం టెక్కలి నుంచి నౌపడ, భావనపాడు దాకా, అటు ఉద్దానం పల్లెల్లోనూ ఉన్నాయి. ముహూర్తాలేమో చాలావరకు తెల్లవారుజామునే. బస్సుని నమ్ముకుంటే లగ్నం దాటిపోతుంది. అందుకని జీడిపప్పు కంపెనీలో గుమాస్తాగిరీ చేసుకునే నేను, డ్యూటీకి ముందు ఆయన్ని మోటార్‌సైకిల్ మీద దింపి వస్తుంటాను.

ఆయనది నోరూ పెద్దదే, చెయ్యీ పెద్దదే. చిన్నప్పుడు మంత్రంలో స్వరం తప్పితే చేతికి ఏది దొరికితే అది నా వీపు మీద పడేది. తాటాకు విసనకర్ర విరిగింది, చెక్క గరిటె విరిగింది. పరాయివాళ్ళనైనా "ఒరే" అనే పిలుస్తారు. లక్షాధికారి అయినా, సర్పంచి అయినా, పీటల మీద కూర్చున్నాక ఆయన చేత "ఒరే వెధవా, నీళ్ళు ఆ చేత్తో కాదు" అనిపించుకునేవాడే. వాళ్ళూ నవ్వుకుంటూ "సిత్తం పంతులుగారూ" అనేవారు. ఇంతమందిని తిట్టి, కొట్టి బతికిన మనిషి మీద ఎవరూ ఎప్పుడూ చెయ్యెత్తలేదు. బోసి ఛాతీ మీద జంధ్యం, నుదుట విభూతి, భుజాన ఉత్తరీయం. రోడ్డు మీద లారీవాడు కూడా హారన్ మెల్లగా కొట్టేవాడు.

కిందటి చలికాలం ఆయనకి నిమోనియా వచ్చింది. నౌపడ ఉప్పుమడుల మధ్య రోడ్డుకి అటూ ఇటూ ఒక్క చెట్టుండదు. సముద్రం మీంచి గాలి తిన్నగా వచ్చి పక్కటెముకల్లో గుద్దుతుంది. ఆ గాలిలో బండి వెనక ఉత్తరీయం ఒక్కటి కప్పుకుని కూర్చునేవారు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఆ ఛాతీకి ఇంకోసారి చలిగాలి తగలనిచ్చావంటే నా దగ్గరికి తీసుకురావద్దు. నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు," అన్నాడు. పౌరోహిత్యం మానండి అంటే నాన్న, "మంచం మీద పడుకుని చావమంటావా, పని మీద చావమంటావా, నువ్వే చెప్పరా," అన్నారు. ఇంక మిగిలింది ఆ ఛాతీని కప్పడం ఒక్కటే.

ముందు బజారులో దొరికే థర్మల్ తెచ్చాను. లోపల బొచ్చు, బయట నున్నటి పాలిస్టర్. ఒక్క ప్రయాణంలోనే చెమట పట్టి, ఆ చెమటే మళ్ళీ చల్లారి ఆయన వణికిపోయారు. నూలు బనియన్లు రెండు వేస్తే అదీ అంతే, తడిసిన నూలు చలికి చుట్టం. పాలిస్టర్ అంటే నాకు మరో కోపం కూడా ఉంది. ఒకసారి సోంపేట దగ్గర ఇసక మీద బండి జారి తారురోడ్డు మీద ఈడ్చుకుపోయాను. ఒంటి మీదున్న స్పోర్ట్స్ టీషర్టు ఆ ఒరిపిడి వేడికి కరిగి భుజానికి అంటుకుపోయింది. ఆస్పత్రిలో దాన్ని చర్మంతో సహా ఊడబెరికారు. నలుగురు పట్టుకుంటే గానీ నేను మంచం మీద ఆగలేదు.

అప్పుడు మెరినో ఉన్ని గురించి చదవడం మొదలుపెట్టాను. సన్నటి గొర్రెబొచ్చు, గొంగళిలా గుచ్చుకోదు. చెమటని తనలోకి పీల్చుకుని కూడా వెచ్చగానే ఉంటుంది. నిప్పు తగిలితే మాడుతుంది తప్ప కరిగి ఒంటికి అతుక్కోదు. నాలుగు రోజులు వేసుకున్నా కంపు కొట్టదు. పల్చటివి, మధ్యరకంవి, మందంవి ఉంటాయి. ఉన్ని వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది గానీ గాలిని ఆపదు కాబట్టి, పైన జాకెట్ ఉన్నవాడికి పల్చటిది చాలు. మా నాన్న జాకెట్ చూసి "ఈ రెక్సిన్ సంచీలో నన్ను కుక్కుతావా" అన్నారు కాబట్టి, మందంది తీసుకుని పైన శాలువా బిగించి కట్టాలనుకున్నాను. ఒంటికి అంటిపెట్టుకునే కొలత చూశాను, వదులుగా ఉంటే గాలి దూరిపోతుంది. బండి మీద వంగినా నడుము బయటపడకుండా వెనకభాగం పొడుగున్నది చూశాను. భుజం మీద కుట్టు ఒరుసుకోకుండా చదునుగా కుట్టింది చూశాను. మెడ దగ్గర జిప్పున్నదీ, లేనిదీ అని రెండు రకాలున్నాయి. హెల్మెట్ పట్టీ కింద జిప్పు గొంతుకి గుచ్చుకుంటుందని లేనిదే తీసుకున్నాను. నలుపు శుభకార్యాలకి పనికిరాదు కనక ముదురు బూడిదరంగు. ఇంత జాగ్రత్తగా మా ఇంట్లో ఎవరూ సంబంధం కూడా చూడలేదు.

తీరా తెచ్చాక నాన్న దాన్ని వేలితో ఎత్తి దూరంగా పట్టుకున్నారు.

"కుట్టిన బట్ట రా ఇది. మడికి పనికొస్తుందా?"

"ఉన్ని నాన్నా. బామ్మ ధావళి కట్టుకుని వంట చేసేది కాదూ? ధావళికి మైలుందా?"

ధావళి అంటే మా ఇళ్ళలో ఆడవాళ్ళు మడికి కట్టుకునే ఉన్నిబట్ట. రోజూ తడపక్కర్లేదు, ఎప్పుడు కట్టుకున్నా మడే. నాన్న చాలాసేపు ఆ చొక్కాని నలిపి చూశారు. ఒక పోగు లాగి దీపానికి అంటించి, జుట్టు కాలిన వాసన రాగానే తలూపారు.

"దారిలో వేసుకుంటాను. పీటల దగ్గర విప్పేస్తాను. ఒప్పుకుంటే ఒప్పుకో, లేకపోతే పో," అన్నారు.

ఒప్పుకోక ఏం చేస్తాను. లోపల ఇన్నర్‌కి జతగా తెచ్చిన ఉన్ని ప్యాంటూ, దాని మీద చుట్టుపంచె, పైన ఇన్నరూ శాలువా, తలకి హెల్మెట్. మడిపంచే చెంబూ పంచపాత్రా సంచీలో. మొదటి రోజు ఉప్పుమడులు దాటాక వెనక్కి తిరిగి చూశాను. దగ్గు లేదు. "ఏమిట్రా చూస్తావు, రోడ్డు చూడు," అన్నారు. నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. ఆ చలికాలం సగం అలా గడిచింది, ఆయనకి ఒక్క తుమ్ము కూడా రాలేదు.

ఆ రోజు భావనపాడు దగ్గర ఒక గృహప్రవేశం. టెక్కలి దాటి నౌపడ రోడ్డెక్కాక అప్పుడే వెలుగొస్తోంది. వెనక నుంచి ఒక కారు మా పక్కకి దూసుకొచ్చి ఎదురుగా లారీ కనిపించగానే మా వైపు ఒరిగింది. నాన్న భుజాన వేలాడుతున్న సంచీలోంచి పొడుచుకొచ్చిన ఇత్తడి చెంబు అంచు కారు తలుపు మీద బర్రున గీసుకుపోయింది. బండి తూలి ఉప్పుమడి గట్టు మీదికెక్కి పడిపోయింది. మాకు దెబ్బలు తగల్లేదు. లేచేసరికి కారు ఆగింది, నలుగురు దిగారు. కొత్త సిల్కు చొక్కాలు, రాత్రంతా ఏదో పెళ్ళిలో మేలుకున్న ఎర్రటి కళ్ళు.

"ఏట్రా, కళ్ళు కనపడ్నేదా? కొత్త కారు, కొత్త కారు గీసీసినావు గదరా," అని ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు.

అప్పుడు నాన్న తనకి తెలిసిన పనే చేశారు. హెల్మెట్‌తోనే వాళ్ళ మధ్యకి నడిచి, చూపుడువేలు ఎత్తి, "ఒరే వెధవా, వాడి మీద చెయ్యి తియ్యరా. మీదికొచ్చి గుద్దింది కాక కూతలా," అన్నారు. జన్మంతా అన్నమాటే. వినేవాళ్ళు జన్మంతా "సిత్తం" అన్నమాటే. కానీ వాళ్ళ ఎదురుగా ఉన్నది పంతులుగారు కాదు. బూడిదరంగు పొడుగుచేతుల చొక్కా వేసుకున్న ఎవడో ముసలాడు.

ముందు ఒక లెంపకాయ. హెల్మెట్ అద్దం పగిలి ఎగిరిపోయింది. ఆ కొట్టినవాడి వేళ్ళు తెగి రక్తమొచ్చింది, దానికి కోపం రెట్టింపై కడుపులో తన్నాడు. నాన్న కూర్చుండిపోయారు. ఇంకొకడు శాలువా పట్టి లాగాడు, ఆయన మెడ దానితోపాటు వంగింది. మూతి మీద గుద్దు పడిన చప్పుడు నాకు విడిగా వినపడింది. "పంతులుగారయ్యా, ఆయన పంతులుగారు" అని నేను అరుస్తూనే ఉన్నాను, కానీ మోచెయ్యి ఒకటి నా గొంతు మీదుంది, మాట గురకలా వచ్చింది. దొరికిన చేతిని కొరికాను. ఉప్పగా రక్తం నోట్లోకొచ్చింది. ఇంకా గట్టిగా కొరికాను. చంపాలనిపించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా అనిపిస్తోంది.

నాన్న ఒక్కమాటు కూడా తను ఎవరో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆయన జన్మలో ఎన్నడూ రాలేదు, ఆ మాట ఎలా చెప్పాలో ఆయనకి తెలియదు.

వాళ్ళు ఆయన హెల్మెట్ ఊడబెరికారు. లేవనెత్తడానికి ఒకడు ఇన్నర్ మెడ పట్టి గుంజాడు. మంచి ఉన్ని కదా, చిరగలేదు, సాగింది. పొట్ట దాకా సాగేసరికి లోపలి జంధ్యం బయటపడి వాడి వేళ్ళకి చుట్టుకుంది.

వాడు నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి లాగేసుకున్నాడు. అప్పుడు చూశారు విభూతి.

"ఓలమ్మ, పంతులుగారురా. మీరని తెల్దు బాబయ్యా. సొక్కా యేసుకున్నారు గదా, తెల్నేదు," అని అంతసేపూ తన్నినవాడే కాళ్ళ మీద పడ్డాడు. ఇంకొకడు కారులోంచి నీళ్ళ సీసా తెచ్చాడు. నన్ను పట్టుకున్నవాడు నా చొక్కాకంటిన మట్టి దులుపుతూ, "ముందే సెప్పాల గదన్నా," అన్నాడు. నేను కొరికిన చేత్తోనే దులిపాడు. నాలుగోవాడు చేతులు జోడించి, "శాపం మాత్తరం పెట్టకండి బాబూ, ఇంట్లో పసిబిడ్డలున్నారు," అన్నాడు.

పంతులు కాకపోతే? చేపలమ్ముకునే ముసలాయన అయితే? ఉప్పుమడిలో పనికి పోతున్న ముసలాయన అయితే? తెలియదట. ఏం తెలియదు, ముసలాడని తెలియదా?

నాన్న నీళ్ళు తాగలేదు, శపించలేదు. నా భుజం పట్టుకుని లేచి, "ముహూర్తం దాటిపోతుంది, బండి తియ్యి," అన్నారు. చిట్లిన పెదవితోనే గృహప్రవేశం చేయించారు. ఇంటివాళ్ళు అడిగితే జారిపడ్డానన్నారు. ఆ రోజు ఎవరినీ "ఒరే" అనలేదు.

తర్వాత ఇంట్లో కూడా ఆ మాట మాయమైంది. నన్ను "బాబూ" అని పిలిచారు. వంటింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడి చేతులు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. మళ్ళీ ఏ విసనకర్రో తీసి నా వీపు మీద వేస్తే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

వారం తిరక్కుండా మళ్ళీ భావనపాడు వైపే ఒక ముహూర్తం వచ్చింది. ముందురోజు సాయంత్రం ఇన్నర్ ఆరిందో లేదో చూద్దామని వెళ్తే, నాన్న దాన్ని ఒళ్ళో పరుచుకుని కూర్చున్నారు. చేతిలో అమ్మ కుట్టుమిషను కత్తెర. మెడ నుంచి బొడ్డు దాకా నిలువునా కత్తిరించేశారు. అమ్మ పక్కన కూర్చుని, పోగులు ఊడకుండా ఆ అంచులు మడిచి కుడుతోంది. తలెత్తి నా వంక చూడలేదు.

"ఏం చేశారు నాన్నా?"

"కనపడాలి కదా బాబూ," అన్నారు.

చిలక్కి చెప్పినట్టు చెప్పాను. డాక్టరు మాట గుర్తుచేశాను. పైన శాలువా కప్పుకోమన్నాను. కప్పుకుంటే కనపడదు కదా అన్నారు. కాళ్ళు పట్టుకున్నాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు గానీ, ఆ మాను అప్పటికే నిలువునా విరిగి ఉంది, వంచడానికేమీ మిగల్లేదు. కేకలేశాను కూడా. నేను గొంతు పెంచగానే ఆయన కళ్ళు మూసుకుని తల పక్కకి తిప్పుకున్నారు, దెబ్బ పడుతుందనుకున్నారు. నోరు మూసుకున్నాను.

తెల్లవారుజామున బండి తీశాను. ఆయన వెనక కూర్చుని ఇన్నర్ రెండు అంచులూ రెండు చేతులతో అటూ ఇటూ లాగి పట్టుకున్నారు, ఎదురొచ్చేవాళ్ళకి జంధ్యం బాగా కనిపించేలా. ఆ బూడిదరంగు ఉన్ని ఆయన చేతుల్నీ వీపునీ వెచ్చగానే ఉంచింది. నౌపడ మలుపు తిరగగానే ఉప్పుమడుల గాలి వచ్చి సరిగ్గా ఆ తెరిచిన చోటే కొట్టింది. నేను ముందు వీలైనంత వెడల్పుగా, నిటారుగా కూర్చున్నాను. ఆయన నా పక్క నుంచి ఒరిగి, ఛాతీ రోడ్డు వైపు పెట్టారు. దగ్గు మొదలైంది.