మణికట్టు తిరగని రోజు

మోకాలి నొప్పి చూపించుకుందామని మొన్న తిరుపతిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళి, టోకెన్ చేతిలో పెట్టుకుని హాల్లో కూర్చుంటే, గోడకున్న టీవీలో ఎవరో గోల్ఫ్ ఆట పెట్టి వదిలేశారు. పచ్చగడ్డిలో ఒక తెల్లదొర కర్ర ఎత్తి కొట్టడం, అదే దెబ్బను మళ్ళీ మళ్ళీ నెమ్మదిగా చూపించడం, అతని మణికట్టు చుట్టూ ఎర్రటి గీత గీయడం, ఇదే వరస. నా పక్కన పాకాల వైపు నుంచి వచ్చిన ఒకామె కాసేపు చూసి, "ఏందక్కా అది, గడ్డి కోస్తా ఉండాడా?" అని అడిగింది. బంతిని కొడుతున్నాడని, అయితే దెబ్బలో బలమంతా చేతులది కాదని, కర్ర పైకి వెళ్ళినప్పుడు ఆ మణికట్టు ఎలా మడతపడి నిలిచిందో, కిందికి వచ్చేటప్పుడు చివరి క్షణం దాకా ఎలా విచ్చుకోకుండా ఆగిందో చూడమని నేను విడమరచి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఆడినావా అక్కా?" అంది. ఆడలేదు, చదివినానన్నాను. "సదివితే ఆట వస్తాదా అక్కా" అని ఆమె నవ్వింది. చుట్టూ ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, డాక్టరు పిలిచేదాకా ఆమె మాటకు మనసులో జవాబు చెప్పుకుంటూనే కూర్చున్నాను.

చదివితే ఆట వస్తుంది. నాకు వచ్చింది. ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళకే ఎప్పుడూ నచ్చలేదు కాబట్టి, నా ఈడువాళ్ళైన మీకైనా చెప్పుకుంటాను.

చిత్తూరులో మా నాయనకు బెల్లం మండీ ఉండేది. పది పాసయ్యాక నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు, మధ్యాహ్నం పూట గ్రంథాలయానికి వెళ్ళడానికి మాత్రం అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అక్కడ పుస్తకాలిచ్చే పెద్దాయన మా వీధిలోవాడే. ఆడవాళ్ళకు వేసిన బెంచీ మీద కూర్చుని వారపత్రికలతో మొదలుపెట్టి, అవి అయిపోయాక నవలలు, నవలలు అయిపోయాక బీరువాలో ఏది దొరికితే అది చదివేదాన్ని. బదిలీ మీద వెళ్ళిపోతూ ఎవరో ఆఫీసరు ఇచ్చేసిన ఇంగ్లీషు పుస్తకాల్లో అట్ట ఊడిపోయిన గోల్ఫ్ పుస్తకం ఒకటి ఉండేది. గోల్ఫ్ అంటే ఏమిటో నాకూ తెలియదు, పెద్దాయనకూ తెలియదు. కానీ అందులో బొమ్మలన్నీ చేతులవే. ముంజేయి, మణికట్టు, వేళ్ళు, ఒక్కొక్క కోణం నుంచి గీసినవి. నిఘంటువు పక్కన పెట్టుకుని వాక్యం తర్వాత వాక్యం ఆ వర్షాకాలమంతా కూడబలుక్కుని చదివాను. ఇప్పటికీ అందులోని విషయం నాకు కంఠతా వచ్చు. కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు మణికట్టు బొటనవేలి వైపుకు మడతపడాలి. పైకి చేరాక ఎడమచేతి వెనుకభాగం ముంజేతితో ఒకే చదునులో ఉండాలి, లోపలికో బయటికో వంగిందా, బంతి పక్కదారి పడుతుంది. దిగేటప్పుడు ఆ మడతను తొందరపడి విప్పకూడదు, నడుము, భుజం, మోచెయ్యి వరసగా ముందు కదలాలి, మణికట్టు అందరికంటే చివర విచ్చుకోవాలి. ఇదంతా జరగాలంటే ఆ కీలు మెత్తగా ఉండాలి, మెత్తగా ఉన్నా వదులుగా ఉండకూడదు.

గోల్ఫ్ కర్ర నాకు ఎక్కడ దొరుకుతుంది. నా దగ్గర ఉన్నది రబ్బరు రింగు. టెన్నికాయిట్ అని దానికి పెద్ద పేరుంది గానీ మనమంతా రింగాట అనేవాళ్ళం కదా, మన కాలంలో ఆ ఆట లేని ఆడపిల్లల బడి ఉండేది కాదు. వల మీదుగా వచ్చిన రింగును ఒంటిచేత్తో పట్టుకుని అదే చేత్తో వెంటనే తిప్పి విసరాలి, అది గాలిలో పళ్ళెంలాగా నిలకడగా వెళ్ళాలి, ఏమాత్రం ఊగిసలాడినా పాయింటు పోతుంది. ఆ ఊగిసలాట ఎందుకొస్తుందో మా ఆట టీచరమ్మ కూడా చెప్పలేకపోయేది, సరిగ్గా విసరమని మాత్రం అనేది. నాకు ఆ పుస్తకం చెప్పింది. మణికట్టు వంకరగా ఉన్నప్పుడు వదిలిన రింగే ఊగుతుంది, ముందుగా విప్పేసిన మణికట్టులోంచి వెళ్ళే రింగుకే వేగం ఉండదు. ముంజేతిని బల్ల మీద ఆనించి, చేతిని అంచు బయటికి పెట్టి, బరువుకు బెల్లం అచ్చు పట్టుకుని పైకీ కిందికీ, బొటనవేలి వైపూ చిటికెనవేలి వైపూ వంచుతూ పొద్దస్తమానం కసరత్తు చేసేదాన్ని. "ఏందే పాపా ఆ తిప్పుడు, సేతికి గాలి సోకిందా?" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది. కొన్నాళ్ళకు నా అరచెయ్యి ముంజేతి మీదికి వాలిపోయేంత మెత్తబడింది. సాయంత్రాలు పాత బడి మైదానానికి వెళ్ళి ఆడితే, నా రింగును అందుకోలేక పెద్ద పిల్లలు తిట్టుకునేవాళ్ళు.

జిల్లా జట్టులో నన్ను తీసుకున్నారు. ఆ మీదట రాష్ట్ర జట్టు ఎంపిక తిరుపతిలో జరుగుతుందని టీచరమ్మ మా ఇంటికి స్వయంగా వచ్చి నాయనతో చెప్పింది. నాకు వయసు దాటిపోతోందని, ఇదే ఆఖరు అవకాశమని, రాష్ట్రానికి ఆడినట్టు కాగితం ఉంటే వ్యాయామ టీచరు ట్రైనింగులో సీటు ఖాయమని, ఆ తర్వాత ఉద్యోగం దానంతటదే వస్తుందని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. నా జీవితంలో నేను కోరుకున్నది అదొక్కటే, మెడలో విజిల్ వేసుకుని ఒక బడి మైదానం మధ్యలో నిలబడడం. నాయన మెత్తని మనిషి, కాదని ఎవరితోనూ అనలేడు. సరేనమ్మా అన్నాడు.

ఆయన కాదనలేని మనుషుల్లో తిరుచానూరులో ఉన్న మా మేనత్త మొదటిది. నేను పుట్టినప్పుడే నన్ను తన కొడుక్కు అనుకుంది. ఎటూ ఆటకని తిరుపతి వస్తున్నారు కదా, ముందురోజు తిరుచానూరులో దిగి తాంబూలాలు కూడా పుచ్చుకుంటే ఒక్క ప్రయాణంతో రెండు పనులూ అయిపోతాయని ఆమె కబురు చేసింది. నాయనకు అది చాలా తెలివైన మాటగా తోచింది. నాకూ ఆ రోజు అందులో తప్పేమీ కనిపించలేదు, బావ మీద నాకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. నా ధ్యాసంతా మర్నాటి మీదే ఉంది.

తాంబూలాలయ్యాక పెళ్ళికూతురికి మేనత్త గాజులు వేయించడం మాలో ఆచారం. గాజులు చేతికి ఎంత బిగువుగా ఎక్కితే పిల్ల అంత సుకుమారమని, ఎక్కించిన అత్తకు అంత గొప్ప అని మావాళ్ళ లెక్క. గుడి దగ్గర కొట్టు నుంచి గాజులామె వచ్చి నా చెయ్యి పట్టుకోగానే ఆశ్చర్యపోయింది. "ఏం సెయ్యమ్మా ఇది, వెన్న ముద్ద మాదిరి ఉండాది" అని, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, సబ్బు నురగ రాసి, నా కొలత గాజును ఒక్క తోపుతో ఎక్కించింది. చూస్తున్న ఆడవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. అత్త ముఖం వెలిగిపోయింది. ఆ గాజు తీయించి, "ఇంకా సన్నవి ఎక్కించుమ్మా, సేతికి కర్సుకున్నట్టు ఉండాల, మా కోడలి సెయ్యి ఎట్లాంటిదో నలుగురూ సూడాల" అంది. నొప్పిగా ఉందత్తా అన్నాను. "రేపు పెళ్ళయితే ఇంకా శానా నొప్పులు ఉండాయిలే" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఎముకలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు నలిపి, రెండు చేతులకూ నిండుగా తోసింది. నెలల తరబడి నేను రింగు కోసం సాధించుకున్న మెత్తదనం, చూడండి, అలా వాళ్ళకు పనికొచ్చింది.

తెల్లవారేసరికి కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఉబ్బింది. మైదానంలో పిల్లలను వరసగా నిలబెట్టి చూస్తున్న సెలెక్టరమ్మ నా చేతులు చూసి, గాజులతో కోర్టులోకి రాకూడదని, పగిలితే ఎదుటి పిల్ల కాలికి గుచ్చుకుంటుందని చెప్పింది. నేను కుళాయి దగ్గరికి పరుగెత్తి నీళ్ళు పోసుకున్నాను, సబ్బు రుద్దుకున్నాను. ఎక్కడం వచ్చిన గాజులకు దిగడం రాలేదు. టీచరమ్మ నా వెనకే వచ్చి, "పగలగొట్టేయ్ పాపా, సాయంత్రం మళ్ళీ వేయించుకుందువు" అంది. నేను నాయన వైపు చూశాను. ఆయన అత్త పక్కన గోడ నీడలో నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరవకముందే అత్త అందుకుంది. "తాంబూలాలు పుచ్చుకొని ఒక పొద్దు గడవలేదు, గాజులు పగలగొట్టేదా? నా కొడుకు బతికే ఉండాడు తల్లీ." ఆ మాటతో టీచరమ్మ కూడా ఒక అడుగు వెనక్కి వేసింది. నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "గుడ్డ చుట్టుకొని ఆడు పాపా, ఆడేదానికి గాజులేం అడ్డం వస్తాయి" అన్నాడు. నేను కసరత్తు చేస్తుంటే ఏడాది పొడుగునా చూసిన మనిషి ఆయన.

సెలెక్టరమ్మ దయతలచి ఒప్పుకుంది. గాజుల మీద నుంచి రెండు ముంజేతులకూ టీచరమ్మ గుడ్డ చుట్టింది, ఒక్కటి కూడా కదిలి పగలకుండా బిగించి కట్టింది. అలా కట్టిన చేతిలో మణికట్టు అనే కీలు లేనట్టే. మొదటి రింగు పట్టుకున్నాను. విసరబోతే మడత పడాల్సిన చోట కర్రలాగా నిలిచిపోయింది. చేతినంతా భుజం నుంచి ఊపి విసిరాను, రింగు గాలిలో చేటలాగా ఊగుతూ వెళ్ళింది. సెలెక్టరమ్మ విజిల్ వేసి పాయింటు అవతలి పిల్లకు ఇచ్చింది. తర్వాతదీ అంతే, ఆ తర్వాతదీ అంతే. జిల్లాలో నా చేతిలో ఓడిపోయిన పిల్ల ఆ రోజు వల అవతల నిలబడి, మొదట భయంగా, తర్వాత అనుమానంగా, చివరికి జాలిగా నన్ను చూసింది. ఏం తప్పు జరుగుతోందో, ఏ కోణంలో జరుగుతోందో ఆ మైదానంలో ఉన్న అందరికంటే నాకు ఎక్కువ తెలుసు. తెలిసి కూడా చేయలేకపోవడం ఎంత నరకమో ఏ పుస్తకంలోనూ చదవలేదు. సెలెక్టరమ్మ తర్వాతి పేరు పిలిచింది. మమ్మల్ని చిత్తూరు బస్సెక్కించడానికి వచ్చిన అత్త నాకు మల్లెపూలు పెడుతూ, "ఆడనిచ్చినాము గదా, నీకు రాలేదు, మేమేం సేస్తాం" అంది. బస్సులో నాయన కిటికీలోంచి చంద్రగిరి కొండలను చూస్తూ కూర్చున్నాడు.

ఆ పెళ్ళి జరగలేదు. బావకు శ్రీహరికోటలో ఉద్యోగం వచ్చింది, వెంటనే నెల్లూరు వైపు నుంచి చదువుకున్న పిల్ల సంబంధం వచ్చింది, అత్త రెప్ప ఆర్పకుండా అటు తిరిగిపోయింది. కబురు తెలిసిన రోజు అమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, ఆ గాజులు ఇంక చేతికి ఉంటే ఇంటికి మంచిది కాదని, బట్టలుతికే బండ మీద తన చేత్తోనే పగలగొట్టింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. నా కొడుకు బతికే ఉన్నాడని ఎవరూ అరవలేదు. గాజు గీసుకున్న చోట పసుపు అద్ది, లోపలికి వెళ్ళి అన్నం తినమంది. నేను బండ పక్కనే నిలబడి చేతిని తిప్పి చూసుకున్నాను, అన్ని వైపులకూ బాగానే తిరిగింది. అప్పటికి నాకు వయసు దాటిపోయింది.

తర్వాత అందరిలాగే నాకూ పెళ్ళయింది, మంచివాడే దొరికాడు, పిల్లలు పుట్టారు, ఎక్కడ కాపురమున్నా ముందు గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కున్నాను. కండరాల గురించి, కీళ్ళ గురించి, ఆటల గురించి దొరికినదంతా చదివాను, ఎవరికి చెప్పడానికో తెలియకుండానే. నాయన చివరి రోజుల్లో మంచం చుట్టూ చేరిన బంధువులకు నన్ను చూపించి, "మా పాప రింగాట శానా బాగా ఆడేది, రాష్ట్రం ఎంపికలో కూడా ఆడించినాను, కానీ దాని రాత, తీసుకోలేదు" అని గర్వంగా చెప్పుకునేవాడు. అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలియదు, అదే నాకు ఎక్కువ బాధ. కాదు నాయనా అనడానికి ప్రతిసారీ నోటిదాకా వచ్చేది, ఆయన చేతిలో మాత్ర, నీళ్ళ గ్లాసు పెట్టేదాన్ని. అత్త పోయినప్పుడు కూడా వెళ్ళాను, నలుగురితోపాటు ఏడ్చాను, ఆమె కోసం మాత్రం కాదు.

ఈ మధ్య మా కాలనీ పక్కనున్న మైదానంలో సాయంత్రమైతే ఆడపిల్లలు బ్యాట్లు భుజాన వేసుకుని వస్తారు. తండ్రులే స్కూటర్ల మీద దించి, మంచినీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చుంటారు. ఒకాయన అయితే తన కూతురి మణికట్టుకు పట్టీ కూడా తనే సరిచేస్తాడు, ఎక్కువ బిగిసిందా అమ్మా అని అడుగుతాడు. వాళ్ళను చూసి మనసు నిండిపోయిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది, కానీ ఈ వయసులో నేను అలాంటివి రాయలేను. నాకు కుళ్ళుగానే ఉంటుంది. ఇంటికి వచ్చి తలుపు వేసుకుంటాను. కాలం మారిందని అందరూ అంటున్నారు, మారలేదని నేనూ అనను. అది కాస్త తొందరపడి నా దగ్గరికి కూడా వచ్చి మారి ఉంటే దాని సొమ్మేం పోయేదో, నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.