పాప్పాత్తి తుమ్మిపూల వైద్యం

మా చూలై పేటలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టిందో తెలుసుకోవాలంటే పొద్దున్నే పాప్పాత్తి ఎటు పోతోందో చూస్తే చాలు. పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. భర్త పోయిన ఏడాది మొదలుపెట్టింది, ఇప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. పీటమీద కూర్చుని, కాళ్లు చాచి, బిడ్డను వాటిమీద పడుకోబెట్టుకుందంటే ఇంటి యజమాని అయినా సరే ఆమె మాట వినాల్సిందే. అలా పెరిగినవాళ్లలో ఒకడు ఇప్పుడు పోలీసు. వీధిలో ఎదురైతే చొక్కా బొత్తాములు సరిగా పెట్టుకోమని వాణ్ణి ఇప్పటికీ గదమాయిస్తుంది.

మా తాయారుకూ ఆమే నీళ్లు పోస్తుంది. నేను కాలేజీలో పిల్లల చేత రసాయనశాస్త్రం ప్రయోగాలు చేయిస్తాను. ఇంట్లో మాత్రం ఎనిమిది నెలల కూతురు ఒక్కసారి దగ్గితే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

జలుబుకు పాప్పాత్తి మందు తుమ్మిపూలు. పచ్చికలో మోకాలెత్తు మొక్కకు పూసే చిన్న తెల్లపూలు. వాటిని పాలలో వేసి కాచి, వడకట్టి, ఒక్క చెంచా పట్టిస్తుంది.

"ఎన్ని పూలు?" అని మొదటిసారి అడిగాను.

"పాప పిడికిట్లో ఎన్ని పడితే అన్ని."

"అదేం లెక్క?"

"మీ పిడికిలి మీకు, దాని పిడికిలి దానికి. ఇంత చదివినారు, ఇది తెలీదా సార్?"

ఒంటి బరువును బట్టి మోతాదు అని మేం పుస్తకాల్లో చదివిందీ అదే.

పోయిన నెల తాయారుకు ముక్కు దిబ్బడ వేసింది. రెండు గుక్కలు తాగగానే ఊపిరి అందక, రొమ్ము వదిలేసి ఏడ్చేది. రెండు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. డాక్టరు గొట్టం పెట్టి చూసి, నెమ్ము లేదు, ఓపిక పట్టండి అన్నాడు. నాకు లేనిదే అది. పాప్పాత్తి చూస్తే తిరుత్తణి పోయింది. ఇక నేనే వీధి చివర ఖాళీ జాగాకు పోయి పూలు కోసుకొచ్చాను. పిడికిలి కొలత తప్పలేదు. శుభ్రతలో ఆమెకంటే ఒక మెట్టు పైనే ఉన్నాననుకున్నాను. పురుగూ చీమా లేని పూలే ఏరాను మరి.

చెంచా తాయారు పెదవుల దాకా పోయింది. అప్పుడే పాప్పాత్తి, చంకలో సంచితో, బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. పళ్లెంలో మిగిలిన పూలను వేలితో కదిపి చూసింది.

"చీమలేవి సార్?"

"ఒక్కటి కూడా లేదు. చూసి చూసి కోశాను."

ఆమె నా చేతిలోంచి చెంచా లాక్కుని, పాలు తూములో పారబోసింది.

"తుమ్మిపువ్వులో తేనె ఉంటాది. చీమ దాని దెగ్గిరికి పోలేదంటే ఎందుకు పోలేదని అడగొద్దా? ఏడ కోసినారు?"

చెప్పాను. చెబుతుండగానే గుర్తొచ్చింది. నాలుగు రోజుల కిందట ఆ జాగాలో దోమలకని డీడీటీ చల్లారు. అది పురుగుల నరాలమీద ఎలా పనిచేస్తుందో పక్కన నిలబడి ఇరుగుపొరుగుకు వివరించింది నేనే.

మా ఆవిడ అలమేలు నావైపు చూడలేదు. అదే నయం.

"ఈ పొద్దు పువ్వూ వొద్దు, ఏమీ వొద్దు," అంటూ పాప్పాత్తి బిడ్డ ఎద మీద చెయ్యి పెట్టి చూసింది. "ఒళ్లు కాక లేదు, ఊపిరి ఎగపోతా లేదు. ముక్కు సంగతి చూస్తాం."

బిడ్డను తీసుకుని స్నానాల గదిలో వేన్నీళ్ల ఆవిరి తగిలేంత దూరంలో కూర్చుంది. పాతచీర పేలికను తడిపి, ముక్కులో ఎండినదాన్ని నానబెట్టి, కొంచెం కొంచెంగా తీసింది. నేను తొంగిచూస్తే మోచేత్తో నెట్టింది. తాయారు వీధంతా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపుతో మిగిలింది కూడా బయటికొచ్చేసింది.

అలమేలు ఒళ్లోకి తీసుకుంది. తాయారు రొమ్ము పట్టింది. అయిదు గుక్కలు, పది, పదిహేను. వదల్లేదు. నేను గుమ్మం పక్కన నిలబడి లెక్కపెడుతున్నాను.

"లెక్క చాలు సార్. పాలు తాగే బిడ్డ కాడ మీకేం పని? కాలేజీకి పోండి," అంది పాప్పాత్తి.

ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టి, చెప్పులు వేసుకున్నాను.