ఎలీషా విప్పేసిన కోటు

ఎలీషా తాత బ్యాండు పెట్టింది కోపంతో. కంకిపాడు అవతల వాళ్ళ పేటలో మనిషి పోతే ఊళ్ళో మేళగాళ్ళు వచ్చేవారు కాదు. శవం వెనక ఏడుపు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. మిషన్ బళ్ళో ట్రంపెట్ నేర్చుకున్న తాత పాత వాయిద్యాలు పోగేసి, కూలికెళ్ళే ఏడుగురికి సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పాడు. వాళ్ళు పెట్టుకున్న నియమం ఒక్కటే: పేదవాడి చావుకు పిలవకపోయినా వెళ్ళాలి, కులమూ మతమూ అడగకూడదు.

ఎలీషా పదహారో ఏట ఆ ట్రంపెట్ అందుకున్నాడు. ఇప్పుడు యాభై రెండు. పగలు ఆటోనగర్లో లారీలకు రంగులేస్తాడు.

పేటలోని చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చాక, అక్కడా వాయించే ఈ బ్యాండుకు ఎర్ర కోట్లు కుట్టించారు. వీపు మీద సిలువ ఉంటుందనుకున్నారు అందరూ. మడత విప్పితే పాస్టరుగారి బొమ్మ ఉంది. ఎలీషా దాన్ని మళ్ళీ మడిచి పక్కన పెట్టాడు. అయినా తొడుక్కున్నాడు.

మొన్న మార్చిలో మంగళగిరి దగ్గర సువార్త సభలు పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం, పాస్టరుగారు కారు దిగుతుంటే బ్యాండు వాయించాలి, ఆడపిల్లలు పూలు చల్లాలి, పైనుంచి డ్రోను వీడియో తీయాలి. మొదటిసారి పూలు ఆయన కళ్ళజోడు మీద పడ్డాయి. మళ్ళీ కారెక్కారు. రెండోసారి డ్రోను పక్కకు పోయింది. మళ్ళీ ఎక్కారు. నేలమీద పూలనే ఏరి, దుమ్ము దులిపి పిల్లల దోసిళ్ళలో పోశారు. దేవుణ్ణి స్తుతించే పాటను ఒక మనిషి కారు తలుపు కోసం మూడుసార్లు వాయించాక, ఎలీషాకు తన నోరే రోతగా అనిపించింది.

అప్పుడే భార్య రూతు ఫోన్ చేసింది. రావమ్మ పోయింది. నలభై ఏళ్ళు వాళ్ళ చర్చి ఊడ్చిన ముసలమ్మ, నా అన్నవాళ్ళు లేరు. సాయంత్రం ఐదింటికి తీసుకెళ్తారట.

ఎలీషా వెళ్ళి చెప్పాడు. పాస్టరుగారు తువ్వాలుతో మొహం అద్దుకుంటూ విన్నారు.

"ఇవాళ సభకి పెద్దవాళ్ళొస్తున్నారు బ్రదర్. మీరు కదలడానికి లేదు. అక్కడ బ్లూటూత్ స్పీకర్లో ఓ పాట పెట్టించండి, సరిపోద్ది."

"ఆవిడ తుడిచిన గచ్చు మీదే కదండీ మీరు నిలబడేది," అన్నాడు ఎలీషా.

కోటు విప్పి కుర్చీలో పడేశాడు. బొమ్మ పైకి తిరిగి నవ్వుతూ కనిపిస్తే బోర్లా వేశాడు. ఎలీషా తండ్రి కాలం నుంచీ పెద్ద డ్రమ్ము వాయిస్తున్న నవాబ్ ఒక్కడే తన కోటూ విప్పి అతని వెంట లేచాడు. మిగతా ఆరుగురూ బూట్ల వంక చూసుకున్నారు.

బెంజ్ సర్కిల్ దాకా ఆటో, అక్కణ్ణుంచి బస్సు. వీళ్ళు చేరేసరికి శవాన్ని లేపేశారు. బనియన్ల మీదే ముందు నడిచి వాయించారు. రెండే వాయిద్యాలతో పాట బోసిగా ఉంది. ఎలీషాకు మనసు తేలికపడలేదు.

ఆ ఆదివారం అతని పేరెత్తకుండా అవిధేయుల మీద ప్రసంగం నడిచింది. ట్రంపెట్ సంఘానిది, అప్పజెప్పమని కబురొచ్చింది. మా తాతది, ఇవ్వనన్నాడు. ఇప్పుడు సభలకు వేరే బ్యాండు వస్తోంది. ఆరుగురిలో ఇద్దరు కోట్లు వాపసిచ్చి ఇతని దగ్గరికి చేరారు. ఎలీషా వాళ్ళను ఒక్క మాటా అనలేదు.

"కారు దగ్గర నేనూ వాయించా గదా, మూడుసార్లూ," అన్నాడు రూతుతో.

పోయిన వారం కొండపల్లిలో బొమ్మలు చెక్కే ముసలాయన పోతే, పిలవకపోయినా నలుగురూ వెళ్ళి వాయించి వచ్చారు.