అట్టడుగు కుప్ప

వనజాక్షి ఆ ఊళ్ళో నాలుగు నెలలు తిరిగినా ఒక్క ఇల్లూ ఆమెకు నిజం చెప్పలేదు. శింగనమలలో బస్సు దిగి, ఆటో ఎక్కి వచ్చి, గడప గడపకూ నిలబడి "మీ ఇంటి ఆదాయం ఎంత?" అని అడిగితే, తెల్ల కార్డు పోకుండా ఉండే అంకె ఒకటుంది కదా, అందరూ దాన్నే అప్పజెప్పారు. ఇరవై ఎకరాల చీనీ (బత్తాయి) తోట, కారు, రెండు ట్రాక్టర్లు ఉన్న నరేంద్ర కూడా మీసం కదలకుండా అదే అంకె చెప్పాడు. రాప్తాడు మెట్టరైతు బిడ్డ వనజాక్షికి ఈ సంగతి తెలియక కాదు. సర్వేకొచ్చిన వాళ్ళకు తన నాయన చెప్పేదీ అదే.

జిల్లాలో పెరిగిన ఆదాయం ఎవరెవరి ఇంటికి ఎంతెంత చేరింది? ఇదీ ఆమె పిహెచ్‌డి. ఐదేళ్ళు గడిచాయి, ఫెలోషిప్ ఆగిపోయింది. గైడు భరత్‌కుమార్ సార్ ఆ ఫారాలు చూసి బల్ల మీద విసిరికొట్టాడు. "అందరికీ ఒకే ఆదాయమా? ఇది ఊరా, బడిపిల్లల యూనిఫారమా?"

ఇంకో దారి ఆయనే చెప్పాడు. ఒక్కో ఇంటి పేరు ఒక్కో చీటీ మీద రాసి, బాగా కలిగిన ఇళ్ళ నుంచి ఏమీ లేని ఇళ్ళ దాకా నాలుగు కుప్పలు పెట్టమని ఊరివాళ్ళనే అడగాలి. అదీ చాటుగా, ఒక్కొక్కరిని. అంత టైము ఎక్కడుందని వనజాక్షి ఆదివారం పొద్దున బడి వసారాలో ఆడవాళ్ళందర్నీ ఒకేసారి కూర్చోబెట్టింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

మొదట్లో పని చకచకా సాగింది. వనజాక్షి పేరు చదివితే చాలు, ఓబులమ్మ కుప్ప చూపించేది. ముప్పై ఏళ్ళుగా ఊరందరి చేలల్లో కూలికి పోయిన మనిషి, ఏ ఇంట్లో ఏముందో ఆ ఇంటివాళ్ళకంటే ఆమెకే బాగా తెలుసు. తన చీటీ వచ్చినప్పుడు నవ్వి, అట్టడుగు కుప్పలో తానే వేసుకుంది.

తర్వాతి చీటీ నారాయణస్వామిది. నరేంద్రకు సొంత అన్న. ఒకప్పుడు నలభై ఎకరాల ఆసామి. పదకొండు బోర్లు వేస్తే పదకొండూ దుమ్మే లేచింది, పొలం ముక్కలు ముక్కలుగా తమ్ముడి చేతికే పోయింది.

"అదీ నా పక్కనే ఎయ్యి పాపా" అంది ఓబులమ్మ.

ఏం జరుగుతోందో చూడ్డానికొచ్చిన నారాయణస్వామి ఇస్త్రీ చొక్కాతో స్తంభం పక్కనే నిలబడి ఉన్నాడు. "ఏం కూసినావే?"

"ఉండేదే చెప్పినా సామీ. మొన్న మీ ఇంటామె ఆదిలక్ష్మమ్మ మా ఇంట్లోనే కదా రాగిపిండి చేబదులు తీసకపోయింది."

ఆమె మనసులో వెటకారం లేదు, జాలే ఉంది. అదే ఆయన్ను మరీ కాల్చింది. సర్కారు ముందర అందరూ బీదలే. ఊరి ముందర బీదవాడనిపించుకునే మగాడు ఈ సీమలో ఇంకా పుట్టలేదు!

కేక విని నరేంద్ర వచ్చాడు. అన్న పొలాన్ని చవగ్గా కొట్టేసినప్పుడు గుర్తురాని వంశగౌరవం ఇప్పుడు పొంగుకొచ్చింది.

"ఏమ్మా, యాడ చదువుకుంటాండావు నువ్వు? మా అన్నను అడుక్కుతినేటోళ్ళతో కలుపుతావా? ఆ చీటీ పైకి పెట్టు. ల్యాకుంటే రేపట్నించి దీనికి నా తోటలో పని ల్యా."

"మార్చొద్దు పాపా" అంది ఓబులమ్మ. "నేను చెప్పింది నిజం."

నిజమాడితే నిష్ఠూరమని వనజాక్షికి తెలుసు. ఓబులమ్మకు ఇప్పుడు దొరికే కూలి ఆ తోటలో ఒక్కటే అనీ తెలుసు. అందుకే భయపడింది. చీటీ తీసి రెండో కుప్పలో పెట్టి, "ఓబులమ్మక్క ఏదో పొరపాటు పడిందన్నా" అంది. ఓబులమ్మ లేచి వెళ్ళిపోయింది.

సోమవారం తోట గేటు దగ్గర నరేంద్ర ఓబులమ్మను ఆపేశాడు. "సదువుకున్న మేడమే నీది పొరపాటని ఒప్పుకున్యాది. మా ఇంటి మీద అబద్ధమాడినదానికి ఈడ పని ల్యా, పో." నరేంద్ర వద్దన్న మనిషిని ఊళ్ళో ఇంకెవరు పిలుస్తారు? ఒక్కరూ పిలవలేదు.

సంగతి తెలిసి వనజాక్షి పరుగెత్తుకొచ్చింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

"నేను అబద్ధమాడినానా?" గడప లోపలి నుంచే అడిగింది ఓబులమ్మ.

"లేదక్కా. నీ పని పోకూడదని..."

"పనీ పోయింది, మాటా పోయింది. పని ఒక్కటే పోయుంటే మళ్ళా ఎవురో ఒకరు పిలుస్తాండ్రి. నువ్వు డాక్టరువి అయితావులే, పోమ్మా." తలుపు మొహం మీదే పడింది.

ఆ తర్వాత రెండుసార్లు వెళ్తే ఇంటికి తాళం. మేస్త్రీ వెంట బెంగళూరుకు, ఇటుకలు మోసే పనికి పోయిందన్నారు. రెండుసార్లు తాళం కనబడిన ఇంటిని లెక్కలోంచి తీసెయ్యాలని రూలు. వనజాక్షి తీసేసింది.

నెల తర్వాత సార్ కంప్యూటర్‌లో కొత్త లెక్కలు చూశాడు. నారాయణస్వామి రెండో కుప్పలోనే ఉన్నాడు. కలిగినవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య తేడా ఆ ఊళ్ళో కాస్త తగ్గి కనబడుతోంది. ఆయన మొహం విప్పారింది.

"చూశావా వనజాక్షీ, అడుగున పేదరికం తగ్గింది!"

వనజాక్షికి సిగ్గేసింది. "తగ్గింది పేదరికం కాదు సార్. ఓబులమ్మ."

"ఎవరామె?"

"నిజం చెప్పిన మనిషి సార్. అబద్ధమని నేనే రాశాను."