కాలరక్క గుర్రాలు

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా కాలర్లే కుడుతోంది మరి. రెండు కొనల మధ్య నూలుపోగంత తేడా ఉన్నా ఆ చొక్కా ఆమె బల్ల దాటదు. సూపర్‌వైజరు ఎంత గొణిగినా కుట్లు విప్పి మళ్లీ కుడుతుంది. పెళ్లి వద్దనుకుంది. అన్నావదినలతో కలిసి మూడో అంతస్తులో రెండు గదుల వాటాలో ఉంటూ ఇంటి ఖర్చులో సగం తనే పెడుతుంది. అందుచేత ఆమెను గద్దించే హక్కు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అన్నయ్య మాత్రం ఆ సంగతి తరచూ మరచిపోతుంటాడు.

మోకాలి ఆపరేషనై ఆరు వారాలు మంచానికే అంటుకుపోయినప్పుడు, పొద్దుపోవడానికని వదిన ఆమె ఫోనులో గుర్రాల ఆట ఒకటి ఎక్కించి ఇచ్చింది. అందులో గుర్రాల్ని కొని మేపాలి, జతకట్టించాలి, పుట్టిన పిల్లల్ని పందాల్లో పరుగెత్తించాలి, లేదా అమ్ముకోవాలి. సంపాదించిన నాణేలను ఆట నడిపే కంపెనీయే డబ్బుగా మార్చి ఇస్తుంది.

"గుర్రాలూ లేవు, గాడిదగుడ్డూ లేదు. ఈ వయసులో నీకిదేం పిచ్చే?" అన్నాడు అన్నయ్య.

"నువ్వు పేకాడితే కాలక్షేపం, నేను గుర్రాలాడితే పిచ్చా?" అంది కాలరక్క ఫోనులోంచి తల ఎత్తకుండానే.

వంటింట్లోంచి వదిన నవ్వు వినపడింది.

ఆ ఆటలో పెత్తనమంతా 'పెద్ద లాయం' అనే బృందానిది. మెరుపులాంటి మగ గుర్రాలన్నీ వాళ్లవే. వాటితో జతకట్టించడానికి జనం అడిగినంత ఫీజు పోసేవారు. కాలరక్కా పోసింది. పుట్టిన పిల్ల మొదట్లో బాణంలా దూసుకెళ్లి చివరి మలుపు దగ్గర చతికిలపడింది. రెండోదీ అంతే. తప్పు కుట్టులో ఉందా, గుడ్డలోనే ఉందా అని వెతకడం ఆమెకు చేతనైన పని. ఆ గుర్రాల వంశాలన్నీ వెనక్కి తిరగేస్తూ పోతే, ఎనిమిది తరాల కింద అన్నిటికీ తాత ఒక్కడే! అయినవాళ్లలోనే జతలు కట్టీ కట్టీ వేగం పెరిగింది, దమ్ము చచ్చింది.

అప్పుడామె ఆటలోని సంతలో ఎవరూ కన్నెత్తి చూడని బొల్లి మచ్చల ఆడ గుర్రాన్ని కొంది. అది పరుగులో నత్తకు అక్కే గానీ, దమ్ములో దాన్ని మించింది లేదు. పైగా ఆ తాత రక్తం చుక్కయినా లేదు. దాన్ని పెద్ద లాయం మగ గుర్రంతో జతకట్టించింది. మొదటి పిల్ల తల్లిలాగే నిదానం. రెండోది తండ్రిలాగే ఆయాసం. "గుర్రం గుడ్డిదైనా దాణాకేం తక్కువ లేదు" అని అన్నయ్య రోజూ దెప్పేవాడు. ఆ పిల్లల్ని అమ్మేటప్పుడు కాలరక్క వాటి లోపాలు దాచకుండా రాసి పెట్టింది. వచ్చింది కొంచెమే. అయినా ఆ కొంచెంతోనే మళ్లీ జతకట్టించింది. నాలుగో కాన్పులో పుట్టాడు మొండిఘటం. వేగం తండ్రిది, దమ్ము తల్లిది.

వాడు వరసగా ఐదు పందాలు గెలిచేసరికి పెద్ద లాయం యజమాని నుంచి సందేశం వచ్చింది. "తల్లినీ పిల్లనీ మాకు అమ్మేయండి. లేకపోతే మా మగ గుర్రాలు మీకిక దొరకవు." కింద రాసిన మొత్తం ఆమె ఏడు నెలల జీతం.

అది చూసి అన్నయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అమ్మేయవే! బంగారంలాంటి బేరం!"

"నిన్నటిదాకా గాడిదగుడ్డన్నావుగా! గుడ్డుకింత ధరేంటన్నయ్యా?"

"పంతాలకు పోకు."

"పోతాను. బెదిరించి అడిగినవాడికి బొల్లి తోక వెంట్రుక కూడా ఇవ్వను."

ఆ మాటే, తోక వెంట్రుకతో సహా, జవాబుగా పంపింది. మర్నాటికల్లా పెద్ద లాయం తలుపులు మూసుకున్నాయి. వాళ్లకు జడిసి కొనేవాళ్లూ మొహం చాటేశారు. రెండు నెలలు అమ్మకాల్లో ఒక్క నాణెం రాలలేదు. ఫ్యాక్టరీ భోజనాల బల్ల దగ్గర కూర్చుని బేరమే లేని తన లాయం చూసుకుంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని, ఆటలో అందరికీ కనబడేలా ప్రకటన పెట్టింది: "మొండిఘటంతో జతకు పెద్ద లాయం ఫీజులో పదోవంతు చాలు. కొత్తవాళ్లకే ముందు."

కొత్తవాళ్లు ఒకరొకరుగా వచ్చారు. ఎవరి గుర్రంతో జత కుదురుతుందో, ఎవరిది కుదరదో ఆమె ముందే చెప్పేది. కుదరదంటే ఫీజు పుచ్చుకునేది కాదు. చిన్న చిన్న ఫీజులే చీమల బారులా కదిలి, ఏడాది తిరిగేసరికి ఆమె జీతాన్ని దాటాయి. ఉద్యోగం మాత్రం మానలేదు. "కాలరు నాది, గుర్రం నాది. ఒకటెందుకు వదలాలి?" అంది వదినతో.

ఆ ఏటి పెద్ద పందెంలో మొండిఘటం నాలుగో స్థానంలో వచ్చాడు. గెలిచింది వాడి కూతురే. దాన్ని పెంచింది ఎక్కడో ఆసుపత్రిలో పనిచేసే నర్సు. పెద్ద లాయం గుర్రాలు చివరి మలుపులో రొప్పుతూ వెనకబడ్డాయి.

వారం తిరక్కుండానే ఆ యజమాని మళ్లీ రాశాడు, ఈసారి 'అమ్మా' అంటూ. ఎంత ఫీజైనా ఇస్తాడట, జత మాత్రం ముందుగా కావాలట.

"ఇచ్చెయ్, ఇప్పుడు వాడే కాళ్లబేరానికొచ్చాడు" అన్నాడు అన్నయ్య.

కాలరక్క ఒక్కో అక్షరం నొక్కుతూ జవాబు రాసింది: "ఫీజు అందరికీ ఒకటే. మీ ముందు ముప్పై ఆరుగురున్నారు. వరసలో నిలబడండి."